పొగలు కక్కే టీ

"గురూ, నీ రూటులో స్టాపులకన్నా మరుగుదొడ్లే ఎక్కువ," అని కండక్టరు ఆటపట్టిస్తే డ్రైవరు నవ్వేసేవాడు. ఎప్పుడు మెలిపెడుతుందో తెలియని కడుపుని మాడ్చుకునే స్టీరింగు పట్టేవాడు. నెలలో నయం కాకపోతే బస్సు దిగాల్సిందేనన్నారు డిపోలో. పేగులకి మేలుచేసే సూక్ష్మజీవుల క్యాప్సూళ్లు డాక్టరు రాసిచ్చాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన క్యాప్సూల్ని రోజూ విప్పి, ఆ తెల్లటి పొడిని పొగలు కక్కే టీలో కలిపి, కిటికీలోంచి వాన చూస్తున్నంత నిదానంగా తాగేవాడు. నొప్పి తగ్గలేదు. బస్సు తాళాలు అప్పగించి వచ్చిన మర్నాడు, ఆయన టీలో ఆ పొడి కలపడం కూతురి కంటపడింది.

"అయ్యో నాన్నా, అందులోవి ప్రాణమున్నవి. వేడికి చచ్చిపోతాయి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"చల్లటివి కడుపుకి పడవేమోనని వేడిగా తాగానమ్మా," అన్నాడు. "ఒక్కరోజు కూడా మానలేదు."