చాకీ ఇంటి మిషనుకు తలంటు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో కుక్క మొరిగితే, నేను శిడ్లఘట్ట చేరేసరికి అది నా నోట్లో చిరుతపులి అవుతుంది. చింతామణి చేరేసరికి ఆ పులితో నేను కుస్తీ పట్టి గెలిచి ఉంటాను. చిక్కబళ్ళాపురంలో ముప్పై ఏళ్ళుగా ఏసీలు, వైరింగు పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి. నిచ్చెన మీద ఒంటరిగా నిలబడి చేసే పనిలో అబద్ధాలు బాగా ఊరతాయి. కాబట్టి కింద రాసినదాంట్లో పది కనిపిస్తే రెండు అనుకుని చదువుకోండి. రోత ఒక్కటి మాత్రం తగ్గించుకోవద్దు. దాన్ని నేనే తగ్గించి రాశాను.

చింతామణికి కాస్త అవతల ఒక ఊళ్ళో మా అక్కకు చాకీ ఇల్లు ఉంది. పట్టుగుడ్లు పగిలిన నాటి నుంచి రెండు జ్వరాలు దాటేదాకా, అంటే రెండుసార్లు పొర విడిచేదాకా, పసి పురుగుల్ని సాకి రైతులకు అప్పగించే ఇల్లన్నమాట. ఆ పురుగు పుట్టినప్పుడు తెగిన కనురెప్ప వెంట్రుకంత ఉంటుంది. దాని గునుపు మాత్రం జమీందారు చిన్నకోడలంత. ఇరవై ఏడు డిగ్రీల వెచ్చదనం కావాలి. ఒక డిగ్రీ తగ్గితే ముడుచుకుంటుంది, నాలుగు పెరిగితే సొమ్మసిల్లుతుంది. పొగాకు వాసన, అగరబత్తి వాసన, దోమల చుట్ట వాసన, ఏది తగిలినా ఆకు ముట్టదు. నేను తలకు పెట్టుకున్న నూనె వాసనకు ఒకసారి గదిలో పురుగులన్నీ తలలు అటు తిప్పుకున్నాయని మా అక్క చెప్పింది. మా వంశంలో అబద్ధాలాడేది నేనొక్కణ్ణే కాదు.

చలికాలంలో గది వెచ్చగా ఉండడానికి అక్క బొగ్గుల కుంపట్లు పెట్టేది. పొగకు ఆమె కళ్ళు ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి. పోయిన డిసెంబరులో ఒక మూల ఉడికి, ఒక మూల గడ్డకట్టి, సగం పురుగులు పోయాయి. పదకొండుమంది రైతులు ముఖం మీద ఒక్క మాటా అనలేదు. మరుసటి పంటకు గుడ్లు వేరే ఊరి చాకీకి ఇచ్చేశారు, అంతే. తిట్టి ఉంటే అక్క తట్టుకునేది. వాళ్ళ వాకిళ్ళకు తిరిగి తిరిగి, ఈ డిసెంబరుకు మళ్ళీ ఒప్పించుకుంది. ఈసారీ పురుగులు పోతే చాకీ ఇంటిని పశువుల కొట్టం చేసుకోవాల్సిందే. అది ఆమె నాతో చెప్పిన మాట. నేను దీన్ని పెంచలేదు.

అప్పుడు దూరాడు ఈ తమ్ముడు. బెంగుళూరులో మూతపడ్డ ఏదో విదేశీ కంపెనీ మేడ మీద ఒక ప్యాకేజీ మిషను పడి ఉందని తెలిసి, దాన్ని లారీలో వేయించుకొచ్చాను. ఒకే ఇనప పెట్టెలో అంతా ఉంటుంది. ఎండాకాలం చల్లగాలికి కంప్రెసరు, చలికాలం వేడిగాలికి గ్యాసు మంట. పెట్టె గోడ బయట కూర్చుంటుంది, రెండు పెద్ద రేకు గొట్టాలు గోడలో నుంచి గదిలోకి గాలి ఆడిస్తాయి. మంట పొగ బయటికి బయటే పోతుంది. బెంగుళూరు చలికి గ్యాసు మంట కావలసి వచ్చిన ఆ మహానుభావులెవరో కానీ, మాకు అదే పనికొచ్చింది.

"ఇంక కుంపట్లతో పని లేదక్కా, ఎవరికన్నా ఇచ్చేయ్" అన్నాను. నా మాట నమ్మి ఇచ్చేసింది. కోళ్ళగూటి దగ్గర అంచు విరిగిన కుంపటి ఒకటి మిగిలింది, దాన్ని ఎవరూ పట్టుకుపోలేదు గనక.

మిషను పక్కరేకు ఊడదీశాను. ఛీ! ఆ వాసన గురించి రాయాలంటే ఇప్పటికీ ఒక చేత్తో ముక్కు పట్టుకుని రాయాలి. లోపల పావురాలు ఏడు తరాలుగా కాపురం చేసి ఉన్నాయి. రెట్ట పొరలు పొరలుగా, నంది కొండను చెక్కితే ఎన్ని పొరలుంటాయో అన్ని. గుడ్డు పెంకులు, ఈకలు, ఎండిపోయిన ఒక తొండ, దాన్ని తినబోయి అక్కడే ఎండిపోయిన ఒక ఎలుక. గరిటెతో గీకాను, పారతో గీకాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, పెరుగన్నం చూడగానే పళ్ళెం అవతలికి నెట్టేశాను.

అప్పుడే మా బావ వచ్చి నిలబడ్డాడు. బావ అంటే బ్లీచింగు పౌడరుకు కాళ్ళూ చేతులూ వచ్చిన మనిషి. గుడ్లు పగిలే ముందు చాకీ ఇల్లంతా బ్లీచింగు, సున్నం కలిపిన నీళ్ళతో కడగడం అందరూ చేసేదే. గడప దాటి లోపలికొచ్చే ప్రతిదానికీ ఆ నీళ్ళు తగలాలన్నది బావ నియమం. ట్రేలకు, గోడలకు, చెప్పులకు, చివరికి పెళ్ళి పత్రిక ఇవ్వడానికొచ్చినవాళ్ళ పాదాలకు కూడా.

"ఏమప్పా, ఎంత రెట్ట ఉన్నింది లోపల?" అని అడిగాడు.

"యాభై మూటలు బావా. ఇందులో లేని రోగం లేదు. ఈ గాలి ఒక్కసారి పీలిస్తే ఏనుగు కూడా పడిపోతుంది" అన్నాను.

నిజానికి ఒకటిన్నర బస్తా. బావ ముఖం తెల్లబోవడం చూసి నాకు సరదా వేసింది. ఆ సరదా తరువాత నా మెడకే చుట్టుకుంది.

గ్యాసు పైపు వేయడానికి బాగేపల్లి నుంచి ఒక మేస్త్రీని పిలిపించాను. ఇనప పైపుకు మర వేయడంలో ఆయన చెయ్యి బంగారం. నోరు మాత్రం మురిక్కాలవ. బుగ్గలో ఎప్పుడూ పొగాకు ముద్ద, మాటకొక ఉమ్ము. సిలిండర్ల గది నుంచి మిషను దాకా గోడంతా ఎర్రటి చారలు కట్టాయి. అక్క చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏమప్పా మేస్త్రీ, పైపు గుర్తుకు గోడకి రంగులు పూస్తాండావా?"

"లేదమ్మా, అలవాటు..."

"అలవాటంట! పొగాకు వాసనకి నా పురుగులు చస్తాయి. పో, నోరు కడుక్కొనిరా. ఆ బుగ్గలోది యాడన్నా రోడ్డవతల పూడ్చిపెట్టు. ఇక్కడ ఉమ్మితే నీ నోటికే మర యేసి బిరడా బిగిస్తా."

మేస్త్రీ మూడుసార్లు పుక్కిలించి వచ్చాడు. ఆ తరువాత రెండు రోజులూ మూగనోము పట్టినవాడిలా పని చేశాడు. ఆయన అంత చక్కగా పైపు వేయడం నేను నా జన్మలో ఎన్నడూ చూడలేదు. పెట్టె పక్కనే ఆపే వాల్వు, మురికి జారి పడడానికి కిందికొక చిన్న తోక పైపు, అన్నీ సూటిగా కుదిరాయి. నేను లోపలి నాజిళ్ళు తీసి సిలిండరు గ్యాసుకు సరిపోయే సన్నవి వేశాను.

సబ్బునీళ్ళతో అతుకులు పరీక్షిస్తున్నాం. బుడగ లేవకపోతే లీకు లేనట్టు. పన్నెండు అతుకుల్లో ఒక్కచోటా బుడగ లేదు. అక్క చెంగుతో ముక్కు తుడుచుకుని, గోడ వెంబడి వాసన పడుతూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఈడ వస్తాండాది. కుళ్ళిన కోడిగుడ్డు."

"లేదక్కా, చూడు, బుడగే లేదు."

"బుడగ నాకెందుకప్పా? ముక్కు చెప్తాండాది."

మళ్ళీ సబ్బు పూసి కళ్ళు చిట్లించి చూస్తే, ఆవగింజలో సగమంత బుడగ ఒకటి నింపాదిగా పైకి లేచింది. మేస్త్రీ మూగనోము మాని "తల్లీ!" అని దండం పెట్టాడు. అతుకు విప్పి మళ్ళీ బిగించాక అక్క ముక్కు ఒప్పుకుంది.

ఇక కరెంటు. మూడు ఫేజుల కేబులు లాగి, మిషను పక్క గోడకు స్విచ్చు పెట్టె బిగించి, ఎర్తుకు గుంత తవ్వించాను. ఎర్తు గుంతలో ఉప్పూ బొగ్గూ పోయాలి కదా. అక్క దగ్గరున్న బొగ్గుల బస్తా తెచ్చి అందులో కుమ్మరించాను. నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"బొగ్గు లేని చాకీ చేస్తానంటివి. మిషనుకి మొదట పెడ్తాండే మేతే బొగ్గా?"

బస్తా అడుగున ఒక గంపెడు మిగిలింది.

అన్నీ కలిపింది ఒక బుధవారం మధ్యాహ్నం. గుడ్లు అప్పటికే నల్లగుడ్డ కప్పుకుని చీకట్లో ఉన్నాయి. గురువారం పొద్దున గుడ్డ తీసి వెలుతురు చూపిస్తే గంటలో పగులుతాయి. అప్పటికి గది వెచ్చగా ఉండి తీరాలి. మిషను లోపల రెండరచేతులంత ఆకుపచ్చ పలక ఉంటుంది. ఎప్పుడు మంట వెలిగించాలో ఆర్పాలో దాని చేతిలోనే. దానికి గదిలో వేడి ఎంతుందో చూసే థర్మోస్టాటు తీగలు నాలుగూ కలిపాను, మూత పెట్టాను, నాలుగు స్క్రూలూ బిగించాను. మెయిను ఆపేసి అన్నానికి వెళ్ళాను. రాగిముద్ద, పప్పుచారు. ముప్పై ముద్దలు తిన్నాను.

తిరిగొచ్చి చూద్దును కదా! మూతికి తడిగుడ్డ కట్టుకుని, భుజాన స్ప్రేయరు తగిలించుకుని, బావ మిషనుకు తలంటు పోస్తున్నాడు. మూత పక్కన పడి ఉంది. పలక మీద నుంచి సున్నపు నీళ్ళు తెల్లగా ధార కట్టి కారుతున్నాయి. బ్లీచింగు ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటుకే అని చెప్పుకున్నాను.

"బావా! ఏంది బావా ఇది?"

"కడుగుతాండా అప్పా. యాభై మూటల రెట్ట, లేని రోగం లేదంటివి గదా. దీని గాలే గదా లోపల పురుగులకి పొయ్యేది? గోడలు కడిగి దీన్ని ఇడిస్తే ఎట్లా?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

"బిగించిన స్క్రూలు ఎందుకు ఊడబీకినావు?"

"స్క్రూలా? నేను చూడలేదే..." అని బావ తల గోక్కున్నాడు. నా ముఖం చూసి, "ఏమో అప్పా, తీసింటానేమో" అన్నాడు.

అక్క పరుగెత్తుకొచ్చింది. పలక వంక చూసింది, నా వంక చూసింది, నల్లగుడ్డ ఉన్న గది వంక చూసింది. తరువాత బావ మీద పడింది. "నీకు బుద్ధి ఉండాదా? ఆవుకీ మిషనుకీ తేడా తెల్దా? పోయిన తూరి మాదిరే ఈ తూరీ పోతే, ఆ పదకొండిండ్ల ముందర నిలబడేది ఎవరు? నువ్వా?" బావ స్ప్రేయరు కిందికి దించాడు. గుడ్డ వెనక ముఖం ఎలా ఉందో కనబడలేదు.

కొత్త పలక కోసం బెంగుళూరుకు ఫోను చేశాను. పది రోజులన్నారు. ఇక మిగిలింది ఒకటే దారి. పలక ఊడదీసి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరుతో మూడుసార్లు జాడించాను. అక్క కొత్త టూత్‌బ్రష్షు తెచ్చిచ్చింది. సందుల్లో ఇరుక్కున్న సున్నాన్ని పళ్ళు తోమినట్టు తోమాను. తోముతుంటే మళ్ళీ పావురాల కంపే వచ్చింది, ఛీ, ఏడు తరాల కంపు ఒక్క స్నానానికి పోతుందా? ఆరబెడదామంటే ఆకాశమంతా మబ్బు, ఎండ పొడ లేదు.

అక్క కోళ్ళగూటి దగ్గరికి పోయి, ఆ అంచు విరిగిన కుంపటి తెచ్చింది. ఎర్తు గుంతకు పోయగా మిగిలిన గంపెడు బొగ్గు అందులో పోసి రాజేసింది. పొగ పోయి నిప్పు కణకణలాడాక, పలకను జానెడు ఎత్తున పట్టుకుని, పురిటి బిడ్డకు తల ఆరబెట్టినట్టు అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. సాంబ్రాణి ఒక్కటే తక్కువ. మూడు గంటలు. మధ్యలో బావ చెయ్యి చాస్తే ఇవ్వలేదు.

సాయంత్రం అయిదుకు పలక బిగించి మెయిను వేశాను. ఒక నిమిషం ఏమీ లేదు. ఆ నిమిషంలో నాకు మూడు వెంట్రుకలు నెరిశాయి, కావాలంటే చూపిస్తాను. తరువాత టక్కుమని శబ్దం, నిప్పురవ్వ, నీలం మంట. పలకలో చల్లగాలిని నడిపించే రిలే చచ్చిపోయింది, డిసెంబరులో దానితో పని లేదు గనక వదిలేశాను. ఆరున్నరకు గదిలో ఇరవై ఏడు. అక్క థర్మామీటరు ముందే నేల మీద కూలబడింది.

గురువారం పొద్దున నల్లగుడ్డ తీశారు. కాసేపటికి గుడ్లున్న కాగితాలన్నీ చీమల పుట్టలా కదిలాయి. రెండో జ్వరం లేచాక పదకొండుమందీ వచ్చి ట్రేలు తీసుకెళ్ళారు. వాళ్ళలో ఒకాయన బావను చూసి, "ఏమన్నా, మీ మిషను స్నానం చేస్తేగానీ పని చెయ్యదంట గదా" అన్నాడు. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ మాట చింతామణి సంతలో తిరిగి, బాగేపల్లి మేస్త్రీ నోట పడి, చిక్కబళ్ళాపురంలో నా దగ్గరికే వచ్చింది. నేనూ దానికి రెండు తోకలు తగిలించి పంపాను.

ఇప్పుడు కల్పించింది ఏదో చెప్పాలి. పావురాలున్నాయి, తరాలు నేను లెక్కపెట్టలేదు. ముద్దలు రెండే. నెరిసిన వెంట్రుకలు ముందే నెరిసినవి. వీటిని మీరు ఎటూ తగ్గించుకునే ఉంటారు. కల్పించింది ఆ నాలుగు స్క్రూలు బిగించడం. పెంచకుండా రాసిన లెక్కల్లో ఆ ఒక్కటే అబద్ధం. ఆకలేస్తోందని మూత పక్కన ఆనించి, స్క్రూలు జేబులో వేసుకుని వెళ్ళిపోయాను. బావ ఏమీ ఊడదీయలేదు. తెరిచి ఉన్న పెట్టెను, రోగాలున్నాయని నేను చెప్పిన పెట్టెను, శుభ్రంగా కడిగాడు.

గురువారం నా చొక్కా ఉతుకుతూ అక్క ఆ నాలుగూ తీసి, నా కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"ఇవి దేనివప్పా?"

"పాతవక్కా, పనికిరావు" అన్నాను.

ఆమె వాటిని కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. మొన్న ఫిల్టరు మార్చడానికి వెళితే ఇంకా అక్కడే ఉన్నాయి. నేను మూత తీయగానే బావ నాలుగడుగులు వెనక్కి జరిగి, చేతులు రెండూ వెనక పెట్టుకున్నాడు. "నేను తాకనప్పా, నాకు తెల్దు" అన్నాడు. నేను మూత బిగించాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.