వెనక నుంచి చదివిన పుస్తకాలు

ఖర్జూరాలు వచ్చిన ఆ అట్టపెట్టె మూత తీస్తే ఇప్పటికీ అదే వాసన: పాత కాగితం, తీపి, కాస్త చెమ్మ. లోపల నాలుగు జపాన్ బొమ్మల కథల పుస్తకాలు. నేనూ బొమ్మల కథలు గీసేవాణ్ణే. నా గురువెవరో ఆమధ్య ఇక్కడే బహ్రెయిన్‌లో, సీఫ్‌లోని ఒక మాల్‌లో జరిగిన పుస్తక సభలో నలుగురి ముందు తప్పు చెప్పాను. అది దిద్దడానికే ఇది రాస్తున్నాను.

మా నాన్న జింజ్‌లో ఒక బహ్రెయినీ ఇంటికి డ్రైవరు. అమ్మ పోయాక ఆమె చెల్లెలు నూకరత్నం పిన్ని కాకినాడ వైపు నుంచి వచ్చి, అదే ఇంట్లో పనికి కుదిరి, గరాజు వెనక గదిలో నన్ను పెంచింది. ఏసీ నుంచి బొట్లు బొట్లుగా కారే నీళ్ళు బకెట్లో పట్టి కరివేపాకు మొక్కకు పోయడం, వినాయక చవితికి పిన్ని ఉండ్రాళ్ళు వండుతుంటే గదంతా నిండే ఆవిరి, రంజాన్ నెల సగంలో ఆ ఇంటి పిల్లలతో సంచి పట్టుకుని గడప గడపకూ తిరిగి తెచ్చుకున్న వేరుశనగలూ మిఠాయిలూ, వీటన్నిటితో పాటే ఆ పుస్తకాలూ నా బాల్యంలోకి వచ్చాయి. యజమాని జపాన్ నుంచి తెచ్చినవి, పిల్లలు విసుగొచ్చి పారేస్తే పిన్ని ఏరి దాచేది.

పిన్నికి ఏ భాషలోనూ అక్షరం రాదు. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు చదవాలని మాకిద్దరికీ తెలియదు. మన పద్ధతిలో తెరిచి, బొమ్మల మీద వేలు పెట్టి కథ అల్లేది. అలా వరదలో కొట్టుకుపోయిన ఊరు పేజీలు తిప్పేకొద్దీ మళ్ళీ లేచి నిలబడేది. ఒడ్డున ఒంటరిగా ఏడ్చినవాడు చివరికి తల్లి ఒళ్ళో ఉండేవాడు.

“చూశావా, నీళ్ళు తీసేశాయి. ఇంక ఊరుకో మరి,” అనేది.

నా కథలన్నీ ముగింపుతో మొదలై వెనక్కి నడుస్తాయి. నాకు పేరు తెచ్చిందీ అదే. ఆ పద్ధతి ఎవరు నేర్పారని మాల్‌లో అడిగితే, ఆ పుస్తకాలు గీసిన జపాన్ చిత్రకారుడని చెప్పాను. ఆయన కొట్ల బోర్డులు రాసిన రోజులూ, ఇంకొకరి బొమ్మలకు ఏళ్ళ తరబడి సిరా పూసిన సంగతీ గొప్పగా వర్ణించాను. డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పిన్ని రెండో వరసలో కూర్చుని ఉంది.

కారులో అడిగింది: “నీకు నేర్పినాయన పేరేదో చెప్పావు. ఆయన మనింటికి ఎప్పుడొచ్చాడ్రా?”



పోయిన నెల జపనీస్ వచ్చిన మిత్రుడొకడు ఆ చిత్రకారుడు పుస్తకం చివర తన గురించి రాసుకున్న మాట చదివి వినిపించాడు. తన మొదటి గురువు, వాన పడితే కొట్లో కూర్చోబెట్టుకుని పుస్తకాలు చూడనిచ్చిన ఒక ముసలావిడట. పెద్ద చిత్రకారుల పేర్లన్నీ ఆవిడ తర్వాతే. ఆయన చెప్పుకున్నాడు. నేను చెప్పలేదు.

నా కొత్త పుస్తకం అచ్చుకు వెళుతోంది. అంకితంలో ఆ జపాన్ చిత్రకారుడి పేరుంటేనే బాగుంటుందని ప్రచురణకర్త పట్టుబట్టాడు. ఆ పేరు కొట్టేశాను. మొదటి పేజీలోనూ చివరి పేజీలోనూ నూకరత్నం అనే వేయమన్నాను.

“రెండుసార్లెందుకురా, చాదస్తం కాకపోతే,” అంది పిన్ని.

గరాజు వెనక గది పోయింది, అక్కడిప్పుడు ఫ్లాట్ల పార్కింగు. కరివేపాకు మొక్క లేదు. పిన్ని కళ్ళకు ఈమధ్య పొర కమ్మి బొమ్మలు ఆనడం లేదు. హమద్ టౌన్‌లో మా ఇంట్లో, రోజూ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఆ పెట్టెలోని ఒక పుస్తకం తెరిచి కథ చెబుతాను, ఒకప్పుడు ఆమె తెరిచిన వైపు నుంచే.