వాడరేవులో తిమింగలం చెవి చూశాను

ఆదివారం ప్రార్థన ఎగ్గొట్టి పొద్దున్నే మార్టూరులో బయల్దేరాం, నేనూ మా పెద్దోడు ఆనందూ. వాడు గ్రానైట్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పనిచేస్తాడు. వాడరేవు ఒడ్డుకి చచ్చిన తిమింగలం కొట్టుకొచ్చిందని ఫోనులో చూసి, చూసొద్దాం పదమ్మా అన్నాడు. నాకు తిమింగలంతో పనిలేదు. పోయిన వారం గుంటూరు బ్రాడీపేటలో చెవుల డాక్టరు, వీడి వినికిడి దెబ్బతిందనీ, ఆ మిషన్ దగ్గరే ఉంటే ఉన్నదీ పోతుందనీ చెప్పాడు. "దూది పెట్టుకుంటున్నా కదండీ" అని వీడు నవ్వాడు. ఫ్యాక్టరీలో అందరూ అంతే, దూది కుక్కుకుని ధైర్యంగా ఉంటారు. దారిలోనన్నా ఒప్పించి ఆ పని మాన్పిద్దామని వెంట వెళ్లాను.

ఏడింటికి పర్చూరు మీదుగా చీరాల బస్సు దొరికింది. ఆడవాళ్లకి ఉచితం, ఆధార్ మర్చిపోకండి. కూర్చోగానే మొదలుపెట్టాను. ఇంజన్ మోతలో వాడికి వినపడాలంటే అరవాలి. అరిచాను. మిరపకోతకి వెళ్తున్న ఒకామె నవ్వాపుకోలేక, "అమ్మా, బస్సులో అందరికీ తెలిసిపోయింది, మీవాడికే ఇంకా తెలీలేదు" అంది.

వాడు పత్తిచేల వైపు చూస్తూ, "మిషన్ దిగి వేరే పనికి మారితే సగం కూలే ఇస్తారు. ఊరుకోమ్మా" అన్నాడు.

చీరాలలో ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాం. మీరు వెళ్తే ఎండెక్కక ముందే వెళ్లండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. కంపు ఆటోలోకే వచ్చింది.

ఒడ్డున తాడు కట్టారు. దాని వెనక నల్లటి శరీరం, మా ఇంటికన్నా పొడుగు. ఒక కుర్రాడు తాడు దాటి తోక మీదెక్కి సెల్ఫీ తీసుకుంటున్నాడు. "ఒరేయ్, మీ తాత శవం మీదా ఇలాగే ఎక్కుతావా? దిగు!" అన్నాను. దిగాడు.

సముద్ర జంతువుల మీద పరిశోధన చేసేవాళ్లు వచ్చి ఉన్నారు. ఒకమ్మాయి మాస్కు కట్టుకుని, గ్లౌజులతో తల పక్కన కోస్తోంది.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?"

"చెవి, మామ్మా."

"చెవికోసం అంత కోయాలా?"

"బయటికి సన్న బెజ్జమే. అసలుది లోపల."

లోతు నీళ్లలో చీకటంట. తల్లి పిల్లని పిలవాలన్నా, దారి తెలియాలన్నా చప్పుడే ఆధారమంట. ఇప్పుడు ఓడల మోత ఆగదు. అడుగున చమురు వెతకడానికి నీళ్లలో పేల్చినట్టు చప్పుళ్లు చేస్తారంట. సముద్రాన్నీ మనవాళ్లు గ్రానైట్ ఫ్యాక్టరీ చేసేశారా?

"అయితే ఇది చెవులు పోయే చచ్చిందా?"

"అది ల్యాబులో చూస్తే గాని చెప్పలేం మామ్మా."

గుప్పెడంత ఎముక తీసి కడిగింది. ఆనందు అడిగి, గ్లౌజు తొడుక్కుని చేతిలోకి తీసుకున్నాడు. "రాయిలా ఉందే! ఇంత గట్టిదీ పాడవుద్దా?"

ఆ అమ్మాయి ఏదో చెప్పింది. వీడు ఆమె మూతి వైపు చూశాడు. మాస్కు అడ్డం. బిక్కమొహం వేసుకుని నా వైపు తిరిగాడు.

ఇన్నాళ్లూ వీడు మా మూతులు చూసి మాట్లాడుతున్నాడు. కన్నతల్లిని, నాకే తెలీలేదు.

"ఎముకకేం కాదంట్రా! లోపల సన్న వెంట్రుకల్లాంటివి చస్తాయంట! మళ్లీ మొలవవంట!" అని అరిచాను. జనమంతా తిరిగి చూశారు. వాడు ఎముకని మెల్లగా ఆమె చేతిలో పెట్టాడు.

రెండింటికి తిరుగు బస్సు. ఒడ్డున నాకు అలలే వినపడ్డాయి. ఆ నీళ్ల కింద అంత మోత ఉందంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది. పర్చూరు దాటాక వాడి కూతురు ఫోన్ చేసింది. వాడు ఈ చెవికీ ఆ చెవికీ మార్చి, చివరికి నా చేతికిచ్చాడు.

"నాకు వినపడట్లేదమ్మా. పాప ఏమంటుందో చెప్పు."

ఆ మాట వాడి నోట రావడం అదే మొదలు.

మార్టూరులో దిగి ఇంటికి పోలేదు. నేరుగా ఫ్యాక్టరీ మేస్త్రీ ఇంటి ముందు ఆగాడు.

"మిషన్ దిగుతానని చెబుతా. నువ్వూ లోపలికి రా," అన్నాడు. "ఆయనేమన్నాడో నాకు అరిచి చెప్పాలి."