బానెట్ మీద పడని కొబ్బరికాయ

నా చిన్నప్పుడు నన్ను అందరూ బుద్ధిమంతురాలనే అనుకునేవారు. సండే స్కూలులో వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పేదాన్ని, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పేదాన్ని కాదు. లోపల ఎంత కుళ్ళు ఉండేదో నాకూ ఆ దేవుడికీ మాత్రమే తెలుసు. మూడో మనిషికి కూడా తెలిసిపోయిన సంగతి ఒకటి చెబుతాను.

మాది కొత్తపేట. మా అమ్మ మిషన్ బడిలో టీచరు. అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, మాతోనే ఉంటూ ఇంటి పక్క స్థలంలో తాటాకు షెడ్డు వేసుకుని లారీలకు బాడీలు కట్టేవాడు. డెబ్బైల చివరి రోజులవి. ఒకసారి అరటి గెలల లారీ ఎక్కి మద్రాసు వెళ్ళినప్పుడు అక్కడ ఊరవతల కార్ల పందేలు చూసి వచ్చాడు. సొంతంగా కట్టుకున్న కార్లతో కూడా అందులో పరిగెత్తవచ్చని తెలిశాక ఇక అతన్ని పట్టలేకపోయాం. ఎక్కడో గుద్దుకుని మూలపడిన పాత కారు తెచ్చాడు. ఇంజనూ చట్రమూ ఉంచుకుని మిగతాదంతా ఊడదీశాడు. పైన రేకుతో కొత్త ఒళ్ళు తనే కడతానని కూర్చున్నాడు.

ఆ కారు పని మొదలైన దగ్గర్నుంచి నేనే అతని కుడి భుజం. నా వయసు పన్నెండు. రివిట్లు అందించేదాన్ని, అట్ట మీద గీసిన గీతల వెంట కత్తిరించేదాన్ని. బడిలో నా గొప్పంతా ఆ కారే. అలాంటిది వేసవి సెలవులకి పక్కింటి అక్క వచ్చింది. అమలాపురంలో డిగ్రీ చదివేది, లెక్కల మనిషి. గోడ మీంచి చూస్తూ, బరువు ఎంత వస్తుందో లెక్క కట్టేరా అన్నయ్యగారూ అని అడిగింది. కట్టలేదన్నాడు మావయ్య. మర్నాటి నుంచి ఆవిడ గోడ ఇవతలే ఉంది.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ పొడుగు జడా, ఆ గళ్ళ కాగితాల పుస్తకమూ, చెవి వెనక పెన్సిలూ, ఏదీ సహించేది కాదు. నాకు చెప్పవలసినవన్నీ మావయ్య ఆవిడకి చెబుతున్నట్టుండేది. నిజానికి నాకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, నేను అడగనూ లేదు. అయినా నా సొత్తు ఎవరో ఎత్తుకుపోయినట్టే ఏడ్చుకునేదాన్ని.

రేకు మందం తేల్చిన రోజు బాగా గుర్తుంది. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు గేజిల ముక్కలు మూడు బల్ల మీద పరిచాడు. బొటనవేలితో నొక్కి చూశాడు, గోటితో కొట్టి విన్నాడు. పందెం కారు కాబట్టి తేలిగ్గా ఉండాలి, అలాగని వేగానికి రేకు అదిరి రివిట్లు ఊడిపోకూడదు. అక్క నోరు విప్పేలోపు నేనే చెప్పెయ్యాలని, ఇంజను దగ్గర గట్టిగా ఉండాలి కదా మావయ్యా, ఇరవై రెండు వేసేద్దాం అన్నాను. పనివాళ్ళు ఘొల్లుమన్నారు. గేజి అంకె పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుందని అక్క నా చెయ్యి పట్టుకుని ముక్కలు తాకించి మరీ చెప్పింది. ఎంత మెత్తగా చెప్పిందో నాకు అంత మండింది.

చివరికి అక్క లెక్క ప్రకారం కింద అడుక్కీ, ఇంజనుకీ మనిషికీ మధ్య అడ్డానికీ పద్దెనిమిది. పైన ఒళ్ళంతా ఇరవై రెండు. షెడ్డులో పెద్ద మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. “లారీకి పద్దెనిమిది కంటే పల్చన వేసి ఎరగమండి, డొక్కు డబ్బాలా కొట్టుకుంటాదండి” అన్నారు. ఆయన అన్నంతా అయింది. శనివారం బానెట్ బిగించి ఇంజను వేస్తే, రేకు డబడబా కొట్టుకుని ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. అక్క మొహం చిన్నబోయింది. నాకు ఆ పూట అన్నం రుచిగా ఉంది. కానీ మావయ్య ఆవిడని ఏమీ అనకపోగా, చూద్దాంలేమ్మా, ఏదో ఒకటి చేద్దాం అన్నాడు. ఆ ‘దాం’లో నేను లేను.

మర్నాడు ఆదివారం. అందరూ గుడిలో, అంటే మా చర్చిలో, ఉన్నారు. కడుపునొప్పి అని చెప్పి సండే స్కూలు మధ్యలో బయటపడ్డాను. విప్పిన బానెట్ షెడ్డు చూరు బయట, కొబ్బరిచెట్టు కింద, రెండు పీపాల మీద పెట్టి ఉంది. ఆవిడ లెక్క తప్పని ఇంకొంచెం గట్టిగా తేలితే చాలు, అంతే నా కోరిక. చిన్న సొట్ట పెడదామని మోకాలు ఆనించి నొక్కాను. రేకు కాస్త లొంగి, ఉన్నట్టుండి టప్‌మని లోపలికి కూలిపోయింది. అడ్డంగా మూరెడు మడత పడింది. కింద నుంచి తోశాను, చేతులతో లాగాను, రాలేదు. జారి పడితే అంచు మోకాలి కింద కోసుకుపోయింది. గురువారం కారు పందేనికి మద్రాసు లారీ ఎక్కాలి. అలాంటి రేకు మళ్ళీ రాజమండ్రి నుంచి తెప్పించి కట్టడానికి వ్యవధి లేదని నాకు తెలుసు. గౌను కిందికి లాక్కుని పరిగెత్తాను.

సోమవారం పొద్దున్న షెడ్డు ముందు అందరూ చావు ఇంట్లోలా నిలబడ్డారు. అక్క కళ్ళల్లో నీళ్ళు. మేస్త్రీ గారు పైకి చూసి, కాయ పడుంటాదండి అన్నారు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది నాకు.

“ఆయ్, కాయే పడుంటాది మావయ్యా” అన్నాను.

మావయ్య తలెత్తి చెట్టు వంక చూశాడు. నేనూ చూశాను. చెట్టు మొవ్వు బోసిగా ఉంది. నాలుగు రోజుల క్రితమే ఆ చెట్టుకి దింపు తీయించారు. దిగిన కాయలన్నీ ఏరి రాశి పోసింది నేనే. కోనసీమలో పుట్టి, ఏ చెట్టు మీద కాయ ఉందో లేదో మరిచిపోయిన దాన్ని నేనొక్కతినే అయ్యుంటాను. మావయ్య నా వంక చూడలేదు. చూపు దింపి, బానెట్ మీద అరచెయ్యి వేసి నెమ్మదిగా నిమిరాడు. తర్వాత పిడికిలితో ఒక చివర తట్టాడు. రేకు డబడబలాడింది. మడత పడిన చోట తట్టాడు. అక్కడ చప్పుడు లేదు. మళ్ళీ తట్టి, చెవి ఆనించి విన్నాడు.

“మందం లేకపోయినా మడతుంటే నిలబడుద్దన్నమాట” అని తనలో తను అనుకున్నాడు. “లెక్క మారదు. ఇరవై రెండే ఉంచుదాం.”

ఒక దుంగలో వేలు లోతు గాడి తొలిపించాడు. రేకుని దాని మీద ఆనించి, చెక్క సుత్తితో కొడుతూ, నా మడతకి అటూ ఇటూ వరసగా గాడులు దింపాడు. సొట్టని కూడా సరిచేసి ఒక గాడిగా కలిపేశాడు. సాయంత్రం దాకా రేకు ఒక చివర అక్క, ఇంకో చివర నేను పట్టుకోవాలన్నాడు. తప్పించుకోవడానికి లేదు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా అదురు నా చేతుల్లోంచి పళ్ళ దాకా వచ్చేది. ఎదురుగా అక్క మొహం. నీ వేళ్ళు జాగ్రత్తే అని మధ్యమధ్య అంటూనే ఉంది.

పని అయ్యాక మావయ్య నన్ను బోరింగు దగ్గర కూర్చోబెట్టి, నేను చెప్పకుండానే గౌను అంచు మోకాలి దాకా ఎత్తి, అంటుకుపోయిన రక్తం కడిగాడు. చేతిగుడ్డ చింపి కట్టు కట్టాడు. “కొత్త రేకులే, తుప్పు లేదు. భయం లేదు” అన్నాడు. అంతే. ఏ రేకు అని నేనూ అడగలేదు.

మా వాళ్ళలో కొత్త బండి ఏది కదిలినా ముందు ప్రార్థన పెట్టిస్తారు. గురువారం సాయంత్రం మా పాస్టరు అయ్యగారు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. వీధంతా వచ్చింది. ఆమేన్ అన్నాక మావయ్య నన్ను ముందుకి లాగి, “ఈ గాడులు మా మేనకోడలి చలవేనండి. ఇది లేకపోతే ఈ బానెట్ మద్రాసు చేరకుండానే ఊడిపోయేదండి” అన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. అందరూ మెచ్చుకున్నారు, అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టారు. అక్కకి కుళ్ళు పుట్టిందేమోనని అప్పుడు కూడా దొంగచూపు చూశాను. ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వుతోంది. అది చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తోందనుకున్నారు.

పందెంలో ఇంజను మధ్యలోనే మొరాయించింది. రేకు మాత్రం కిమ్మనలేదని మావయ్య తిరిగొచ్చి చెప్పాడు, అదీ అక్కకీ నాకూ కలిపి చెప్పాడు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి, మావయ్య లేడు. నా కుళ్ళు పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం. ఎవరి పిల్లలకో మంచి జరిగిందంటే ముందు చురుక్కుమనే బుద్ధి ఇప్పటికీ ఉంది. అప్పుడు చెయ్యి దానంతటదే మోకాలి కింద ఉన్న మచ్చ మీదికి వెళుతుంది. కాసేపు అక్కడే ఉంచి, తర్వాత ఫోను తీసి వాళ్ళకి శుభాకాంక్షలు చెబుతాను. మావయ్య ఆ రోజు రెండు దెబ్బలు వేసి ఉంటే ఏనాడో మరిచిపోయేదాన్ని. వెయ్యలేదు. నలుగురిలో మెచ్చుకున్నాడు.