ఓడల నీళ్ళూ, బావగారి నీళ్ళూ

ఎవరైనా నాకు మరీ మంచి కాఫీ ఇస్తే అనుమానం వస్తుంది. ఇది ఉద్యోగం తెచ్చిపెట్టిన జబ్బు. ఓడలు తనిఖీ చేసే పని నాది. రేవుకొచ్చిన ఓడ ఎక్కి, దాని కడుపులో పోగయ్యే మురికినీళ్ళు ఎటు పోతున్నాయో చూడాలి. ఇంజను గది అడుగున నూనె కలిసిన నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. పాయఖానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు సరేసరి, పెద్ద ఓడంటే ఓ చిన్న ఊరే కదా. నూనె నీళ్ళని యంత్రంలో వడకట్టాకే సముద్రంలోకి వదలాలి. మురుగు తీరానికి దగ్గర్లో వదలకూడదు. మిగిలిన మడ్డిని రేవులో అప్పగించాలి. నిబంధనలకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. వాటిని తప్పించుకునే దొంగగొట్టాలు కూడా అంత బ్రహ్మాండంగానే ఉంటాయి. వడకట్టే యంత్రాన్ని పక్కకి తప్పించి నీళ్ళని నేరుగా బయటికి పంపేస్తారు, మేం ఎక్కేలోపు ఆ గొట్టం విప్పి దాచేసి, బోల్టులకి రంగు పూసేస్తారు. అందుకే ఎక్కడ కొత్త రంగు కనపడినా నా వేలు దాని మీదికి పోతుంది. కెప్టెను ఎదురొచ్చి కాఫీ, జీడిపప్పు బిస్కెట్లు పెట్టించాడంటే ఆ ఓడలో ఏదో తేడా ఉన్నట్టే లెక్క.

రిటైరై తెనాలిలో స్థిరపడ్డాక కూడా ఆ జబ్బు నన్ను వదల్లేదు. పాలవాడు చెప్పిన టైముకే వస్తే అనుమానం, పక్కింటివాళ్ళు ఊరికే పలకరిస్తే అనుమానం. గుడికి తీసుకెళ్తే హారతి పళ్ళెం కూడా తిరగేసి చూస్తానని మా ఆవిడ అందరికీ చెబుతుంది. చూస్తే తప్పేముందో నాకు అర్థం కాదు.

అలాంటి నాకు దసరా వెళ్ళగానే బాపట్ల నుంచి మా బావగారు ఫోన్ చేశారు. బావగారంటే మా చెల్లెలి భర్త. సముద్రం ఒడ్డున ఆయనకి రొయ్యపిల్లల హేచరీ ఉంది. సముద్రపు నీళ్ళు తోడి, తొట్లలో పిల్లల్ని పెంచి, కర్లపాలెం వైపు చెరువుల వాళ్ళకి అమ్ముతారు. తీరం పక్కన పోయే ఓడలు మురికి వదిలి నీళ్ళు పాడుచేస్తున్నాయనీ, జాలరుల వలలు ఖాళీగా వస్తున్నాయనీ, హేచరీల వాళ్ళూ జాలరులూ కలిసి బాపట్లలో సభ పెడుతున్నామనీ, అధికారులు కూడా వస్తున్నారనీ చెప్పారు. ఓడల మీద నిఘా పెంచమని గట్టిగా అడగాలట. ఆ సంగతులు తెలిసినవాణ్ణి కనుక నేను మాట్లాడాలట. ఇన్నేళ్ళలో నా ఉద్యోగం గురించి ఒక్క ముక్క అడగని మనిషి నన్ను పదిమందిలో పొగుడుతానంటున్నారు. నా చెవికి అది కెప్టెను కాఫీలాగే అనిపించింది.

చూడని దాని గురించి నేను మాట్లాడను. అందుకే ముందు రేపల్లె రైలెక్కి, అక్కణ్ణించి ఆటోలో రేవు దగ్గరికి వెళ్ళాను. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జాలరులు వాటికి అంటుకున్న తారు ముద్దలు చూపించారు. కిరసనాయిలు పోసి రుద్దితే తప్ప పోవట. ఒక ముద్ద తీసి వాసన చూశాను. ఓడ అడుగు మడ్డి వాసన మా వంటింట్లో పోపు వాసనంత బాగా తెలుసు నాకు. ఏ ఓడో తెలియదు, ఏ దేశపు జెండాదో తెలియదు, కానీ ఏ ఇంజను గదిలోనో ఎవడో దొంగగొట్టం బిగించి ఈ వలల మీదికి వదిలాడు. ఒళ్ళు మండిపోయింది. బావగారిని ఊరికే అనుమానించానేమో అనుకున్నాను కూడా.

అక్కడే ఉన్న ఒక పెద్దాయన బాపట్ల వైపు నుంచి బంధువులింటికి వచ్చినవాడట. వాళ్ళ దగ్గర తారు ముద్దలు లేవన్నాడు. సముద్రంలో కలిసే కాలువ మొగలో చేతివలలతో పీతలూ చిన్న చేపలూ పట్టుకుని బతికే కుటుంబాలు వాళ్ళవి. లోపలికి వెళ్ళడానికి ఇంజను పడవలు లేవు. ఇప్పుడు ఆ మొగలో ఏమీ పడటం లేదట. వలకి తెల్లటి జిగురు అంటుకుంటోందట, చేతులు దురద పెడుతున్నాయట. నీళ్ళు ఏ వాసన వస్తున్నాయని అడిగాను.

"బ్లీచింగు పౌడర్ వాసనండి. మునిసిపాలిటీ కుళాయి ఇప్పినట్టు ఉంటదండి" అన్నాడు.

నడిసముద్రంలో పోయే ఓడ నుంచి బ్లీచింగు వాసన కాలువలోకి రాదు. హేచరీల్లో తొట్లు కడగడానికి బ్లీచింగు వాడతారు. తిరుగు రైల్లో తెనాలి వచ్చేదాకా ఈ రెండు ముక్కలే నా తలలో తిరిగాయి.

సభకి ముందురోజు బాపట్ల చేరాను. బావగారు స్వయంగా స్టేషనుకి వచ్చారు. ఇదొక అనుమానం. ఇంటికి కూడా తీసుకెళ్ళకుండా నేరుగా హేచరీకే తీసుకెళ్ళారు. ఇది రెండో అనుమానం. మోటార్లు చూసే మనిషి, నడివయసు వాడు, మా వెనకాలే వచ్చాడు. తొట్లూ, గొట్టాలూ, గోడలూ అన్నిటికీ కొత్తగా రంగులు వేయించారు. అన్నిటికీ వేయిస్తే నా వేలికి పనేముంది? చివరికి బావగారు వెనకున్న చెరువు దగ్గర ఆగి, తొట్లలో వాడిన నీళ్ళన్నీ ఇందులోనే నిలవబెట్టి, విషం విరిగాకే పక్కనే సముద్రంలోకి పోయే కాలువలోకి వదులుతామని చెప్పారు. చెరువు నిండా తెల్లకలువలు పూసి ఉన్నాయి. చూడముచ్చటగా ఉంది. బ్లీచింగు నీళ్ళు పడే చెరువులో కలువలు పూస్తాయా అని నేను పైకి అడగలేదు. అది వాన నీళ్ళ చెరువు.

ఆ పక్కన రేకుల షెడ్డులో గోనెసంచులు కప్పి ఏదో ఉంది. అదేంటని బావగారిని అడిగాను.

"పాత మోటారండి బావగారూ. కాలిపోయి చాన్నాళ్ళయింది, పాత ఇనపసామాన్ల వాడికి వేసెయ్యాలి" అన్నారు.

మోటార్లు చూసే మనిషి తల వంచుకున్నాడు. అంతలో బావగారికి ఫోను వచ్చి నాలుగడుగులు అవతలికి వెళ్ళారు. నేను గోనె ఎత్తాను. మోటారుకి నిండుగా పసుపు, మూడు కుంకుమ బొట్లు, మెడలో బంతిపూల దండ, కింద కోసిన నిమ్మకాయ. దండ వాడింది గానీ ఇంకా ఎండలేదు. ఆయుధపూజ నాడు మా ఇళ్ళలో పనిచేసే ప్రతి యంత్రానికీ బొట్టు పెడతారు, సైకిల్ నుంచి లారీ దాకా. కాలిపోయి పాత ఇనుముకి పోయేదానికి ఎవరూ దండ వెయ్యరు. మోటారు నుంచి బయల్దేరిన గొట్టం ఇసకలోకి దిగింది. దాని వెంబడి నాలుగడుగులు వేసి చూస్తే, అది చెరువు వైపు కాకుండా కాలువ వైపు తిరిగింది. ఏ ఇంజను గదిలోనూ ఇంత తేలికగా దొంగగొట్టం దొరకలేదు నాకు.

గోనె కప్పేశాను. అప్పుడు తట్టింది, ఆ హేచరీలో పూజ చేసేది మా చెల్లెలే. పెళ్ళైన దగ్గర్నుంచీ ప్రతి దసరాకీ కుంకుమ భరిణె పట్టుకుని మోటారు మోటారుకీ తిరుగుతుంది. ఆ మూడు బొట్లూ ఆమె వేలివే.

ఆ రాత్రి వాళ్ళింట్లో కాఫీ, భోజనం అన్నీ బాగున్నాయి. మరీ బాగున్నాయి. మర్నాడు పొద్దున బావగారు సభ ఏర్పాట్లకని ముందే వెళ్ళిపోయారు. చెల్లెలు నాకు పెసరట్టు వేసిపెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఓడల్లో వాళ్ళకీ ఇళ్ళూ వాకిళ్ళూ ఉంటాయిగా అన్నయ్యా. వాళ్ళ మీద రిపోర్టు రాసేటప్పుడు నీకెప్పుడైనా చెయ్యి ఆడకుండా పోయిందా?" అని అడిగింది.

ఆయనే అడిగించారా, తానే అడిగిందా అని మొహంలోకి చూశాను. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మొహమే, ఏమీ దొరకలేదు. ఎప్పుడూ ఆగలేదమ్మా అని నిజమే చెప్పాను. తను ఇంకో అట్టు వేసింది. నోరు విప్పితే హేచరీకి తాళం పడవచ్చు, ఆ ఇల్లు దాని మీదే నడుస్తోంది. ఊరుకుంటే కాలువ మొగలో చేతివలల వాళ్ళు ఓడలని తిట్టుకుంటూ పస్తులుండాలి. నాకు భయం వేసింది. పరాయి ఓడ ఎక్కి ఎవరినైనా నిలదీసినప్పుడు వెయ్యనంత భయం.

సభ ఒక కల్యాణమండపంలో జరిగింది. ముందు వరసలో అధికారులు, పక్కన బావగారు, వెనక జాలరులు, ఒక పక్క ఆడవాళ్ళ కుర్చీల్లో చెల్లెలు. మొదట ఓడల గురించే మాట్లాడాను. రేపల్లె అవతల రేవులో చూసిన తారు ముద్దల గురించీ, దొంగగొట్టాల గురించీ చెప్పాను. తీరానికి దగ్గరగా పోయే ప్రతి ఓడ మీదా కన్నుండాలన్నాను. రేవుల్లో మడ్డి అప్పగించడం తేలిక చేస్తే సగం దొంగతనం ఆగుతుందన్నాను. బావగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాను.

"ఓడలని వదలొద్దండి. కానీ కాలువ మొగలో ఉన్నది ఓడ మురికి కాదు. మా బావగారి హేచరీ వెనక షెడ్డులో ఒక మోటారుంది, చెడిపోయిందంటున్నారు. అది పనిచేస్తోంది. దాని గొట్టం కాలువలోకి ఉంది. ముందు అక్కణ్ణించి చూడండి" అన్నాను.

వెనక వరసల్లో జాలరులు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. అధికారులు అప్పటికప్పుడే బయల్దేరతామన్నారు.

బయట బావగారు నా వైపు చూడనైనా చూడలేదు. జనం మధ్యలో మోటార్లు చూసే మనిషి చొక్కా పట్టుకున్నారు. ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం చేశావన్నారు, రేపట్నుంచి గేటు దగ్గర కనపడొద్దన్నారు. వాడు నాకేమీ చెప్పలేదని నేను అన్నాను. అయితే ఎవరు చెప్పారన్నారు ఆయన. నా దగ్గర జవాబుంది. బొట్టు చూశానని అంటే ఆ బొట్టు ఎవరు పెట్టారో ఆయనకి తెలుసు. జీవితంలో మొదటిసారి, చూసింది చూసినట్టు చెప్పలేక నీళ్ళు నమిలాను.

చెల్లెలు మెట్లు దిగి వచ్చింది. మొగుడి చెయ్యి ఆ మనిషి చొక్కా మీద నుంచి తీసేసింది.

"అతన్ని వదిలెయ్యండి. అన్నయ్యకి చూపించింది నేనే" అంది.

తను నాకేమీ చూపించలేదు. ఆ దండ అలవాటుగా వేసిందో, నేను వస్తానని తెలిసి వేసిందో అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. బావగారు ఒక్కరే కారెక్కి వెళ్ళిపోయారు. నాతో తెనాలి వచ్చెయ్యమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. తను నెమ్మదిగా విడిపించుకుని, ఆటో పిలిచి, ఆ ఇంటికే వెళ్ళింది.