జెండాలో ఇప్పపువ్వు

తునికిగుంపు కోయగూడెం చుట్టుపక్కల జంపక్క ఎక్కని చెట్టు లేదు. తేనె కోసం ఎక్కింది, చింతకాయ కోసం ఎక్కింది. ఒకసారి ఫారెస్టు గార్డుకు జడిసి ఎక్కితే, ఆ మహానుభావుడు సరిగ్గా దాని కిందే కూర్చుని సద్దిమూట విప్పాడు. పొద్దువాలేదాకా కొమ్మ మీదే ఉండిపోయింది. బీడీలకు పోయే తునికాకు కట్టకు రేటు పెంచమని ఆకులు కొనే కల్లం ముందు ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, కాంట్రాక్టరు చేత సరేననిపించిందీ ఆమే. అలాంటి మనిషి 1995లో సర్పంచి అయ్యాక, భయపడింది ఒక్కదానికే. జెండా తాడు ముడికి.

అంతవరకు పంద్రాగస్టు వచ్చిందంటే పంచాయతీ ముందు తాడు లాగేది బసవపున్నయ్య. ఆయన తండ్రి కోస్తా నుంచి బండి కట్టుకొచ్చి ఇక్కడ దిగాడు. ఏజెన్సీ చట్టం ప్రకారం గిరిజనుడు కాని ఆయనకు ఆ ఊళ్లో సెంటు భూమి ఉండకూడదు. ఉన్నది మాత్రం కనుచూపు మేర. సర్పంచి సీటు కోయ ఆడమనిషికని తేలాక కూడా, తాడు తన చేతిలోంచి పోతుందని ఆయనకు తోచలేదు. పండగ వారం ఉందనగా జంపక్క వాకిట్లోకొచ్చి మెత్తగా చెప్పాడు.

"జెండా అంటే ఆషామాషీ కాదు జంపక్కా. ముడి బిగుసుకుందంటే దేశానికే అవమానం. పోలీసు కేసు కూడా అవుద్ది. నువ్వు తాడు పట్టుకుని నిలబడు చాలు. లాగడం నేను లాగుతాలే."

ఆమె నేరుగా బడికి పోయి, తండా నుంచి వచ్చే హాతీరాం సారును పట్టుకుని ముడి నేర్పమంది. ఆయన నేర్పాడు. ఇక చూడాలి ఊరి అవస్థ. జంపక్క మొగుడు గంగయ్య తువ్వాలు మొదట జెండా అయింది. తర్వాత ఆయన లుంగీ. ఆ తర్వాత దండెం మీద ఎవరిది ఆరితే వారిది. లుంగీ పైకి పోయినప్పుడల్లా పిల్లలు జాతీయగీతం అందుకునేవాళ్లు, మంచం మీది ముసలాళ్లు కర్ర వెతుక్కుని లేచి నిలబడేవాళ్లు. మూడోనాటికి గంగయ్య స్నానానికి పోవడం మానుకున్నాడు, ఒళ్లు తుడుచుకోవడానికి గుడ్డ లేక.

ముడితోపాటు హాతీరాం సారు రంగుల అర్థం కూడా చెప్పాడు. కాషాయం త్యాగమనీ, తెలుపు సత్యమనీ, నడుమ చక్రం ధర్మమనీ, ఆకుపచ్చ పచ్చదనానికి గుర్తనీ. ఆకుపచ్చ దగ్గర జంపక్క ఆపింది. ఆ పచ్చ చేనుదా అడవిదా, అడవిదైతే గార్డును అడక్కుండానే పెట్టారా అంది. సారు నవ్వాపుకోలేక సుద్దముక్క జారవిడిచాడు.

జంపక్క అత్త ముత్తక్కకు మాత్రం జెండా అంటే రంగులు కాదు, గోదావరి. ఆమె పుట్టింది ఏటి ఇవతలి ఒడ్డున, నైజాం ఇలాకాలో. అవతల భద్రాచలం తెల్లదొరల కింద ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిననాడు అవతల జెండా ఎగిరింది. ఇవతల జెండా పడితే లాఠీ ఎగిరేది. చేపల వలతో నిలబడ్డ పిల్ల ముత్తక్క, ఏటి మీదుగా ఆ రంగుగుడ్డను చూసింది. ఇవతలి ఒడ్డుకు అది రావడానికి ఏడాదికి పైనే పట్టింది. స్వాతంత్ర్యానికి పడవ దొరకలేదేమో అని ఇప్పటికీ నవ్వుతుంది. ఇవతలికి వచ్చింది కూడా బసవపున్నయ్య వాకిట్లోనే ఆగిపోయిందని, కోడలు తాడు లాగితేగాని తమ గుంపుకు చేరదని ఆమె లెక్క.

తీరా పండగ పొద్దున అసలు తంటా వచ్చిపడింది. జెండా మడతలో పెట్టే బంతిపూలు ఏటా బసవపున్నయ్య పెరట్లోంచే వచ్చేవి. ఈసారి పురుగు తినేసిందని కబురు వచ్చింది. పూలు లేకున్నా జెండా ఎగురుతుందని సారు అన్నాడు. కానీ కోయదాని జెండా ఉత్తదేనని దమ్మపేట దాకా చాటింపు అవుతుందని జంపక్కకు తెలుసు. ముత్తక్క లోపలికి పోయి ఎండిన ఇప్పపువ్వు కుండ తెచ్చి ముందు పెట్టింది.

జంపక్క కుండ మూతి చేత్తో మూసింది. అది మద్యనిషేధం వచ్చిన ఏడు. ఇప్పపువ్వు ఉడకబెట్టుకు తిన్నా సారా కిందే జమకట్టి, ఆబ్కారీ జవాను మొన్ననే గుడిసె గుడిసెకూ దూరి కుండలు పగలగొట్టిపోయాడు. ఇవాళ అతగాడే బందోబస్తు.

"అత్తా, జవాను ముంగటనే నిలబడ్తడే. సర్పంచిగిరీ ఇయ్యాలనే పోతది."

"పోతే పోనీ పిల్లా. మన వేల్పు ముంగట పెట్టే పువ్వు గిది. గిది పనికిరాని జెండా అయితే, మనది గాదన్నట్టే గదా."

జంపక్క జెండా మడతలో దోసిళ్లకొద్దీ పోసి, మడిచి, ముడి వేసింది.

ఊరంతా చేరింది. బసవపున్నయ్య ఇస్త్రీ చొక్కాతో దిమ్మె పక్కనే నిలబడ్డాడు. జంపక్క తాడు లాగింది. జెండా మూట కర్ర కొసకు పోయింది. ఇంకోసారి లాగింది. విచ్చుకోలేదు. గంగయ్య లుంగీలో బరువు లేదు మరి, ఇందులో కుండెడు ఇప్పపువ్వు ఉంది. బసవపున్నయ్య చిన్నగా నవ్వి చెయ్యి చాపాడు.

"ముందే చెప్పానా, ఇట్లా ఇవ్వు."

జంపక్క ఆ చేతిని చూడలేదు. కాయ రాల్చేటప్పుడు చింతకొమ్మను గుంజినట్టు, పాదాలు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజింది.

వాన పడింది. ఎండు ఇప్పపువ్వు టపటపమని దిమ్మె మీద, సారు బట్టతల మీద, జవాను టోపీ మీద, బసవపున్నయ్య చొక్కా జేబులో. పైన మూడు రంగులు రెపరెపలాడాయి. పిల్లలు జాతీయగీతం ఎత్తుకున్నారు. వాసన గుర్తుపట్టిన జవాను కళ్లు గుండ్రమయ్యాయి గానీ, చెయ్యి సెల్యూట్‌లో ఉంది, కదలడానికి లేదు. మేకలకు ఆ నియమం లేదు. వాసన తగలగానే మందంతా జనం కాళ్ల సందుల్లోంచి దూసుకొచ్చింది. ఒక మేక జవాను బూటు మీది పువ్వు తిని, రుచి తెలిసి, లేసు కూడా నమలసాగింది. పాడే పిల్లల గొంతులు నవ్వుతో వణికాయి. ముత్తక్క మాత్రం తల పైకెత్తి, కళ్లు తుడుచుకుంటూ జెండానే చూస్తోంది.

పాట అయిపోగానే జవాను ఉరిమాడు. ఈ సరుకు ఎవరిదన్నాడు. జంపక్క తాడు కొస వదల్లేదు.

"జెండాలకెల్లి పడ్డది సారూ. రాసుకోండ్రి. కేసు జెండా మీద పెడ్తరా, దేశం మీద పెడ్తరా?"

జవాను సాక్ష్యం కోసం నేల చూశాడు. మేకలు వదిలింది పిల్లలు ఏరుకున్నారు. మిగిలిందల్లా బసవపున్నయ్య జేబులోదే. జవాను ఆ జేబు వంకా, ఆ మొహం వంకా చూసి, ఊడిన లేసు కట్టుకుని వెళ్లిపోయాడు.

మరుసటేడు పంద్రాగస్టుకు బసవపున్నయ్య అడక్కుండానే గంపెడు బంతిపూలు పంపాడు. ముత్తక్క వాటిని మేకలకు వేసింది. అవి వాసన చూసి, మొహం తిప్పుకుని, జెండా దిమ్మె వైపు నడిచాయి.