తెల్లగీత అవతల మా వడ్లు

వనపర్తి దాటి మా కాలనీ ముందు నుంచి పోయే రోడ్డును వెడల్పు చేసినప్పుడు అందరం మురిసిపోయాం. ఆ మురిపెం నెల కూడా నిలవలేదు. రోడ్డు నున్నగా అయ్యేసరికి లారీలకు, ఇసుక టిప్పర్లకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి. బడికి నడిచే పిల్లలు, గంపలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్లు, సైకిళ్ల మీద పనికి పోయేవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోవాల్సి వచ్చేది.

మా ఎదురింటి దర్జీ టౌన్లో ఉన్న తన కొట్టుకు రోజూ సైకిలు మీదే పోయేవాడు. రోడ్డు అంచున ఒక తెల్లగీత గీయించి, దాని అవతల జాగాను నడిచేవాళ్లకు, సైకిళ్లకు వదిలేయాలన్నది ఆయన ఆలోచనే. అర్జీ రాసింది మాత్రం నేను. బళ్లో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి నా రాతకు ఆఫీసర్లు గడగడలాడతారని కాలనీవాళ్ల నమ్మకం. ఎవరూ గడగడలాడలేదు. ఏడాదిపాటు ఇద్దరం ఇంజనీరు చుట్టూ తిరిగాం. దర్జీ కొట్టు మూసుకుని మరీ వచ్చేవాడు. చివరికి ఆ ఇంజనీరు మా పోరు పడలేక ఒప్పుకున్నాడు. మట్టి అంచును చదును చేసి, తారు పోసి, గీత కొట్టించాడు. ఆ సాయంత్రం దర్జీ గీత అవతల రెండుసార్లు అటూ ఇటూ సైకిలు తొక్కి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. నాకైతే మంత్రి పదవి వచ్చినంత గర్వంగా ఉండింది.

అంతలో యాసంగి కోతలు వచ్చాయి. మా చుట్టుపక్కల కల్లాలన్నీ ఎప్పుడో ప్లాట్లయ్యాయి. వడ్లు ఆరబోయడానికి నున్నటి తారు జాగా కనబడితే ఆగేదెవరు? మొదట ఒకాయన పోశాడు. తిట్టాను. తర్వాత నలుగురు పోశారు. పోట్లాడాను. ఆ తర్వాత మా పొలంలో పండి, మా తిండికి ఉంచుకున్న వడ్లు ఇంటికొచ్చాయి, పైన మబ్బు పట్టింది.

"అందరియి ఎండుతున్నయి. మనయే ముక్కిపోవాల్నా?" అంది నా భార్య.

రెండు దినాలే కదా అనుకుని గీత అవతల నేనూ పోశాను. బండ్లు ఎక్కకుండా గీత పొడుగునా రాళ్లు కూడా పేర్చాను.

మర్నాడు పొద్దున దర్జీ కొట్టుకు పోతూ మా వడ్ల దాకా వచ్చి రోడ్డు మీదికి దిగాడు. వెనక నుంచి వచ్చిన వ్యాను గుద్దింది. దవాఖానలో మోకాలి కింద కుడికాలు తీసేశారు. ఆయన కుట్టుమిషను తొక్కే కాలు అది. కేసు వ్యాను డ్రైవరు మీద రాశారు. రాళ్ల గురించి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కాలనీవాళ్లంతా డ్రైవరును తిడుతుంటే నేనూ తలూపాను.

దర్జీని చూడటానికి తిట్లకు సిద్ధపడే పోయాను. ఆయన మంచం పక్కనున్న స్టూలు చూపించి కూర్చోమన్నాడు. నేనే ఉండబట్టలేక, వడ్ల మీది నుంచే పోతే ఏం పోయేదని అడిగాను. ఆయన నా వంక వింతగా చూశాడు.

"తినే గింజలను ఎట్ల తొక్కుత సారూ? ఎవలియైతేంది?"

ఆ మాట కంటే చెంప మీద కొట్టినా బాగుండేది. గింజ మీద ఎవరూ కాలు పెట్టరని మాకు తెలియదా? ఆ ధైర్యంతోనే కదా అందరం అక్కడ పోసుకున్నాం. మా వడ్లకు ఏమీ కాదని తెలుసు. నడిచేవాళ్లు ఎటు దిగుతారో మాత్రం ఒక్కరమూ ఆలోచించలేదు.

నేను ఇంటికొచ్చేసరికి వడ్లు గలగలా ఎండి ఉన్నాయి. నా భార్య బస్తాలకు ఎత్తింది. మర పట్టించుకుని ఆ ఏడాదంతా తిన్నాం.